ఆర్304, ఆర్404, ఆర్504: ఒక పంపు కంట్రోలర్ బోర్డుకు నంబర్లు మళ్లీ వేసిన కేస్ స్టడీ

ఇది బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ బోర్డు. ఇలాంటి బోర్డు మీద ప్రతి భాగానికీ ఆర్32 (ఆర్ అంటే రెసిస్టర్) లాంటి ఒక గుర్తు నంబరుంటుంది, ఈ కథ ఆ నంబర్లదే. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే పొలంలో మోటారు ఆన్ అవుతుంది. ఒక ఫేజు పోయినా, వోల్టేజీ మరీ పడిపోయినా, బోరులో నీళ్లు అడుగంటి మోటారు ఉత్తినే తిరుగుతున్నా తనంతట తానే ఆపేస్తుంది. తయారు చేసేది హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ. సర్క్యూట్, సాఫ్ట్‌వేర్, డబ్బా అన్నీ వాళ్లవే. బోర్డు మీద భాగాలు ఎక్కించే పని మాత్రం చర్లపల్లి వైపున్న ఒక ఎస్ఎమ్‌టీ యూనిట్‌కు ఇస్తారు. బి రివిజన్ (బోర్డు డిజైన్ కొత్త రూపం) మొదటి లాట్ మొత్తం టెస్టింగ్ దగ్గర ఆగిపోయాక నాకు ఫోన్ వచ్చింది.

టెస్ట్ బెంచి మీద ప్రతి బోర్డూ ఒకే రకంగా మొండికేస్తోంది. పవర్ వస్తుంది, సిమ్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) టక్కుమంటాయి. మోటారు ఆన్ చేయమంటే మాత్రం "ఫేజ్ అన్‌బ్యాలెన్స్" అని మెసేజ్ పంపి ఊరుకుంటుంది. ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల్లో ఆర్, బీల వోల్టేజీ సరిగ్గానే చూపిస్తోంది. వై ఫేజు రీడింగ్ మాత్రం స్కేలు పై అంచుకు అతుక్కుని ఉంది. ముందు అనుమానం సాఫ్ట్‌వేర్ మీదికి పోయింది, ఎప్పుడూ పోయేది అక్కడికే. తర్వాత ఆప్ఆంప్ (సిగ్నల్‌ను పెంచే ఐసీ) సోల్డరింగ్ మీదికి. ఐసీ మార్చి చూశారు, ఫలితం లేదు.

వోల్టేజీ కొలిచే భాగం చాలా మామూలు సర్క్యూట్. ఫేజు నుంచి మూడు 330కే (330 కిలో ఓముల) రెసిస్టర్లు వరసగా, వాటి కింద ఒక 3.3కే. పైన మూడెందుకంటే, 1206 సైజు మామూలు రెసిస్టర్ పని వోల్టేజీ 200 వోల్టులే. 240 వోల్టుల ఫేజు శిఖరం దాదాపు 340 వోల్టులుంటుంది. ఆ 340 వోల్టులకు 3.3కే మీద సుమారు 1.13 వోల్టులు వస్తాయి. దాన్ని 1.65 వోల్టుల మధ్య గీత మీద కూర్చోబెట్టి, 3.3 వోల్టుల ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) ఇస్తారు. మంచి జాగా ఉంది. అదే 3.3కే చోట 10కే పెడితే శిఖరం 3.4 వోల్టులవుతుంది, ఏడీసీ పట్టదు. వై ఫేజులో జరిగింది సరిగ్గా ఇదే. భూతద్దం పెట్టి చూస్తే రెసిస్టర్ మీద 103 (అంటే 10కే) అని స్పష్టంగా ఉంది. 332 (అంటే 3.3కే) ఉండాలి.

మరి ఆ 3.3కే ఎక్కడికి పోయింది? మైక్రోకంట్రోలర్ (బోర్డును నడిపే చిప్) రీసెట్ పిన్‌ను పై వోల్టేజీకి లాగి ఉంచే పుల్అప్ రెసిస్టర్ చోటికి. అక్కడ 10కే బదులు 3.3కే ఉన్నా కంట్రోలర్‌కు పట్టింపు లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. వెతికితే ఇలాంటివి ఇంకొన్ని దొరికాయి. ఒక ఎల్ఈడీ సిరీస్ రెసిస్టర్ విలువ మారి అది కాస్త మసకగా వెలుగుతోంది, ఒక ఫిల్టర్ కాస్త నెమ్మదించింది. అన్నీ 0603 సైజే. మిగతా చోట్ల సర్క్యూట్ సర్దుకుపోయింది, వై ఫేజు దగ్గర సర్దుకోలేకపోయింది.

రెండు ఫైళ్లు కలిసిన చోట

అసెంబ్లీ యూనిట్ తప్పేమీ చేయలేదు. వాళ్లకు రెండు ఫైళ్లు అందుతాయి. ఒకటి బామ్, అంటే భాగాల జాబితా: ఏ నంబరు భాగం ఏ విలువ అన్నది అందులో ఉంటుంది. రెండోది పిక్ అండ్ ప్లేస్ ఫైల్: ఏ నంబరు భాగం బోర్డు మీద ఎక్కడ, ఏ కోణంలో అన్నది ఇందులో ఉంటుంది. మెషీన్ ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఈ రెంటినీ నంబరు ఆధారంగా కలుపుతారు. ఆర్32 అంటే 10కే అని ఒక ఫైల్ చెబితే, ఆర్32 ఫలానా చోట ఉందని రెండోది చెబితే, ఫలానా చోట 10కే పడుతుంది. ఈ రెండు ఫైళ్లనూ కట్టి ఉంచేది ఆ నంబరొక్కటే.

ఆ కంపెనీలో స్కీమాటిక్ (సర్క్యూట్ డ్రాయింగ్) గీసేది ఒకరు, లేఔట్ (పీసీబీ, అంటే బోర్డు మీద భాగాలు, తీగలు అమర్చడం) చేసేది ఇంకొకరు. లేఔట్ అయిపోయి, గెర్బర్లు (బోర్డు తయారీకి పంపే ఫైళ్లు), పిక్ అండ్ ప్లేస్ ఫైల్ బయటికి వచ్చాక, స్కీమాటిక్ గీసినతను డ్రాయింగ్‌ను చూడ్డానికి బాగుండేలా సర్దాడు. రీసెట్ సర్క్యూట్‌ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపాడు. జరిపాక నంబర్లు ఎగుడుదిగుడుగా కనిపించాయి. ఆ ఒక్క షీటుకు అనొటేషన్ రీసెట్ చేసి, అంటే పాత నంబర్లు చెరిపి మళ్లీ వేయించి, కొత్త నంబర్లతో బామ్ తీసి పంపాడు. కనెక్షన్లేమీ మారలేదు కాబట్టి పీసీబీ ఫైల్‌ను మళ్లీ తెరవాల్సిన అవసరం కనిపించలేదు. అతని కోణంలో చూస్తే నిజమే, నెట్‌లిస్టులో (కనెక్షన్ల జాబితాలో) ఒక్క తీగ కూడా మారలేదు.

ఇక్కడే ఈ కేసు మొత్తానికి మూలమైన విషయం ఉంది. రీసెట్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఆ షీటులోని పాత నంబర్లనే తీసుకుని వేరే భాగాలకు పంచింది. ఆర్32 పాత ఫైల్‌లోనూ ఉంది, కొత్త ఫైల్‌లోనూ ఉంది. భాగం మాత్రం వేరు. కాబట్టి రెండు ఫైళ్లను కలిపినప్పుడు అన్ని నంబర్లూ జత కుదిరాయి, ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తగ్గలేదు. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ రాలేదు. ఏఓఐ మెషీన్‌కు (కెమెరాతో బోర్డును తనిఖీ చేసేదానికి) చెప్పిన లెక్క కూడా అదే కలిపిన షీటు నుంచి తీసిందే, కాబట్టి అదీ పాస్ చేసింది. మొదటి బోర్డును చేత్తో చెక్ చేసినవాళ్లు కూడా అదే కాగితం పట్టుకుని చూశారు.

ఒకసారి వాడిన నంబరును ఇంకో భాగానికి ఇవ్వకుండా ఉంటే, ఇదే పొరపాటు జరిగినా కథ మొదటి నిమిషంలోనే తేలేది. బామ్‌లో ఉన్న నంబరు ప్లేస్‌మెంట్ ఫైల్‌లో లేదని ప్రోగ్రామ్ రాసేవాడే ఫోన్ చేసేవాడు. భాగాల రీల్ ఒక్కటి కూడా మెషీన్‌కు ఎక్కకముందే బయటపడేది. నంబర్లు 1 నుంచి చివరిదాకా ఖాళీల్లేకుండా ఉండాలన్న ముచ్చట చాలామంది డిజైనర్లకు ఉంటుంది. బోర్డు ఒకసారి బయటికి పోయాక ఆ ముచ్చటంత ప్రమాదం ఇంకోటి లేదని నా అభిప్రాయం. నంబర్ల మధ్య ఖాళీ చూడ్డానికి వెలితిగా ఉంటుందేమో, దానివల్ల ఏ బోర్డూ పాడవదు.

ఉన్న లాట్‌ను చేత్తో సరిచేశారు. కావాల్సిన రెసిస్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరికేశాయి. కంపెనీ ఎలాగూ 2జీ మాడ్యూల్ తీసేసి 4జీ పెట్టాలనుకుంటోంది, అంటే సి రివిజన్ రాబోతోంది. నంబర్లు మార్చాలంటే బోర్డు ఎలాగూ మారుతున్నప్పుడే మార్చాలి, అందుకని ఆ పని అప్పటికి పెట్టుకున్నాం.

ముందు అక్షరాల సంగతి

స్కీమాటిక్ తెరిచి చూస్తే నంబర్ల కంటే ముందు అక్షరాలే అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒకచోట ఐసీలు యూ1, యూ2, ఇంకోచోట ఐసీ3. కనెక్టర్లు సీఎన్, జే, పీ, కాన్ అని నాలుగు రకాలు. రిలేలు ఆర్ఎల్1, ఆర్ఎల్2. ఇంటర్నెట్‌లో దొరికిన సింబల్స్‌ను (స్కీమాటిక్‌లో భాగాలకు వాడే బొమ్మలను) ఎక్కడివక్కడ తెచ్చి పెట్టుకుంటే ఇలాగే అవుతుంది. కొనుగోళ్లు చూసే అమ్మాయి ఎక్సెల్‌లో "ఆర్‌తో మొదలయ్యేవి" అని ఫిల్టర్ పెడితే రెసిస్టర్లతో పాటు రిలేలూ వచ్చేవట. ఆమె వాటిని ప్రతిసారీ చేత్తో తీసేసేది, ఎవరికీ చెప్పలేదు కూడా.

దీనికి కొత్తగా ఆలోచించాల్సిందేమీ లేదు. ఏ భాగానికి ఏ అక్షరమో చెప్పే ఐఈఈఈ 315 అనే ప్రమాణం 1975 నుంచి ఉంది. దాన్ని 2019లో ఉపసంహరించారు గానీ అందులోని అక్షరాలనే పరిశ్రమ ఇంకా వాడుతోంది. 2008లో వచ్చిన ఏఎస్ఎమ్ఈ వై14.44 కూడా ఆ దారిలోదే. రిలేకు కే, ట్రాన్స్‌ఫార్మర్‌కు టీ, ట్రాన్సిస్టర్‌కు క్యూ, ఫ్యూజుకు ఎఫ్, క్రిస్టల్‌కు వై, బోర్డుకు బిగించిన కనెక్టర్‌కు జే, వేరిస్టర్‌కు ఆర్‌వీ, టెస్ట్ పాయింటుకు టీపీ. కరెంటు కొలిచే సీటీలు కూడా ట్రాన్స్‌ఫార్మర్లే కాబట్టి వాటికీ టీయే. స్కీమాటిక్‌లో ఒక్కొక్కటి దిద్దుకుంటూ పోతే రేపు మళ్లీ అదే సింబల్స్ లైబ్రరీ నుంచి ఆర్ఎల్ వస్తుంది. అందుకని లైబ్రరీలోనే సింబల్‌కు అక్షరం మార్చి, తర్వాత స్కీమాటిక్‌ను లైబ్రరీ నుంచి అప్‌డేట్ చేశాం. ఆ అప్‌డేట్ డైలాగ్‌లో ఏ ఫీల్డులు మారాలో టిక్కులుంటాయి, చూసి నొక్కాలి. లేకపోతే విలువలు కూడా లైబ్రరీలోవి వచ్చి కూర్చుంటాయి.

మన దేశంలో ఇంకో చిక్కుంది. ఫేజులను మనం ఆర్, వై, బీ అంటాం. ఆర్ అంటే రెసిస్టర్, వై అంటే క్రిస్టల్. పోనీ ఎల్1, ఎల్2, ఎల్3 అందామంటే ఎల్ అంటే ఇండక్టర్. ఫీల్డులో మెకానిక్‌లకు ఆర్, వై, బీ తప్ప వేరే మాట ఎక్కదు కాబట్టి ఫేజుల పేర్లు మార్చలేదు. టెర్మినల్ పక్కన "ఫేజ్ ఆర్" అని పూర్తిగా ప్రింట్ చేశాం, నెట్ (స్కీమాటిక్‌లో తీగ) పేర్లలో కూడా ఫేజ్ అన్న మాట ముందు పెట్టాం.

వందల లెక్క

వాళ్లు వాడేది కీక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్. అందులో అనొటేట్ డైలాగ్‌లో నిర్ణయాలు తక్కువే. మొత్తం స్కీమాటిక్‌కా, ఈ షీటుకా, ఎంచుకున్న వాటికా. ఉన్న నంబర్లు ఉంచాలా, రీసెట్ చేయాలా. ఎడమ నుంచి కుడికా, పై నుంచి కిందికా. నంబర్లు ఎక్కడ మొదలవ్వాలి. ఈ చివరిదానికి మూడు దారులున్నాయి: మనం ఇచ్చిన సంఖ్య తర్వాత మొదటి ఖాళీ నంబరు, లేదా షీటు నంబరును 100తో గుణించి, లేదా 1000తో గుణించి. డిజైన్ చిన్నదైనా సరే నేను 100 లెక్కే ఎంచుకుంటాను. ఈ బోర్డుకైతే ఇంకో కారణం కూడా ఉంది.

పాత స్కీమాటిక్‌లో మూడు ఫేజుల కొలత సర్క్యూట్‌ను మూడుసార్లు విడివిడిగా గీశారు. ఒకటి మారిస్తే మిగతా రెండూ గుర్తుపెట్టుకుని మార్చాలి. దాన్ని ఒకే షీటుగా గీసి, ఆ ఫైల్‌నే మూడుసార్లు పిలిచాం. ఆర్ ఫేజుకు 3వ షీటు, వై ఫేజుకు 4, బీ ఫేజుకు 5. డ్రాయింగ్ ఒకటే కాబట్టి నంబర్ల వరస కూడా ఒకటే. ఏ 3.3కే కోసం ఇంత గొడవ జరిగిందో అది ఇప్పుడు ఆర్304, ఆర్404, ఆర్504. అపార్ట్‌మెంట్‌లో 304 ఫ్లాటు పైన 404, దాని పైన 504 ఒకే ప్లానులో ఉన్నట్టు. చివరి రెండంకెలు చూస్తే భాగమేదో, మొదటి అంకె చూస్తే ఫేజేదో తెలిసిపోతుంది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. డబ్బా టీవీల కాలంలో సర్వీస్ డయాగ్రమ్‌లు ఇలాగే ఉండేవి. పవర్ సప్లైకి ఒక వంద, వర్టికల్‌కు ఒక వంద, ఆడియోకు ఒక వంద. ఒక్కో కంపెనీది ఒక్కో వరస, కానీ ఒకే మోడల్ పది సెట్లు విప్పిన మెకానిక్ నంబరు చూసి ఏ సెక్షనో చెప్పేసేవాడు. మన దగ్గర ఈ పద్ధతి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కంప్యూటర్ చేతికి ఇచ్చాకే మనం ఆర్1 నుంచి మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాం.

చిన్న లాభం ఇంకోటుంది: నంబర్లన్నీ మూడంకెలవే కాబట్టి ఎక్సెల్‌లో వరస పెడితే ఆర్1, ఆర్10, ఆర్100, ఆర్2 అని రాదు.

ఒక్క ఆప్ఆంప్‌ల దగ్గర ఆగి ఆలోచించాల్సి వచ్చింది. బోర్డులో రెండు ఎల్ఎమ్324 ఆప్ఆంప్ ఐసీలున్నాయి, ఒక్కోదాంట్లో నాలుగు ఆంప్‌లు. ఒక్కో ఫేజు షీటులో ఒక్కో ఆంప్ పెడితే, ఒకే ఐసీ ముక్కలు మూడు షీట్లలో చెల్లాచెదురవుతాయి.  ఫేజుకొకటి చొప్పున సింగిల్ ఆప్ఆంప్ పెడితే డ్రాయింగ్ అందంగా ఉంటుంది గానీ, రైతుకు అమ్మే వస్తువులో ప్రతి రూపాయీ లెక్కే. అందుకని ఎల్ఎమ్324లను, కరెంటు కొలతను కలిపి 6వ షీటులో పెట్టాం, ఫేజు షీట్ల నుంచి సిగ్నల్ మాత్రం అక్కడికి వస్తుంది. నాలుగు ముక్కల ఐసీలు ఉన్న డిజైన్‌లో గుడ్డిగా రీసెట్ కొట్టకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. రెండు ఐసీల మధ్య ముక్కలు తారుమారు కావచ్చు. అప్పుడు మారేది పేర్లే కాదు, కనెక్షన్లు కూడా.

పీసీబీ మీద స్థానాన్ని బట్టి నంబర్లు వేసే పద్ధతి కూడా ఉంది. కీక్యాడ్ పీసీబీ ఎడిటర్‌లోనే జియోగ్రాఫికల్ రీఅనొటేట్ అని ఉంటుంది. చేశాక ఆ నంబర్లను స్కీమాటిక్‌కు తిరిగి పంపాలి. వందల కొద్దీ భాగాలు కిక్కిరిసిన బోర్డులో, రిపేరు చేసేవాళ్లకు అది నిజంగా సాయం. ఈ బోర్డులో మాత్రం హై వోల్టేజీ ఒక మూల, రేడియో ఒక మూల, రిలేలు ఒక వరస. షీటు తెలిస్తే మూల తెలిసినట్టే. అందుకే దాని జోలికి పోలేదు.

మార్పిడి వరస

ఈ పనిలో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే, కాస్త వివరంగా చెబుతాను.

కీక్యాడ్‌లో స్కీమాటిక్‌లోని సింబల్‌కు, పీసీబీలోని ఫుట్‌ప్రింట్‌కు (భాగం కూర్చునే ప్యాడ్‌ల అచ్చుకు) ముడి వేసేది నంబరు కాదు, లోపల దాచిన ఒక గుర్తింపు కోడ్. అందుకే మామూలుగా నంబరు మార్చి పీసీబీని అప్‌డేట్ చేస్తే, ఫుట్‌ప్రింట్ ఉన్నచోటే ఉండి పేరు మాత్రం మారుతుంది. మంచిదే. కానీ సింబల్‌ను కట్ చేసి కొత్త షీటులో పేస్ట్ చేస్తే ఆ ముడి తెగుతుంది. అప్పుడు అప్‌డేట్ చేస్తే పాత ఫుట్‌ప్రింట్లు తీసేసి కొత్తవి తెచ్చి బోర్డు పక్కన కుప్ప పోస్తుంది. అప్‌డేట్ డైలాగ్‌లో "నంబర్ల ఆధారంగా మళ్లీ ముడివేయి" అన్న అర్థం వచ్చే టిక్కు ఒకటుంది. అది ఈ సందర్భానికే. అయితే నంబర్లు రీసెట్ చేశాక ఆ టిక్కు పెడితే మాత్రం, కొత్త ఆర్32 పోయి పాత ఆర్32 చోట కూర్చుంటుంది, బోర్డంతా షార్టులే. డీఆర్సీ (డిజైన్ తప్పులు పట్టే తనిఖీ) ఎర్రగా మండిపోతుంది కాబట్టి తెలుస్తుందనుకోండి.

కాబట్టి మేం వెళ్లిన వరస ఇది. మొదట బి రివిజన్‌లో స్కీమాటిక్, పీసీబీ, రెండూ ఒకే మాట చెబుతున్నాయని నిర్ధారించుకున్నాం. ఆ స్థితిని గిట్‌లో (ఫైళ్ల ఒక్కో రూపాన్నీ దాచే సాఫ్ట్‌వేర్‌లో) భద్రపరిచాం. తర్వాత షీట్లు విడగొట్టాం, పాత నంబర్లు ఏమాత్రం మార్చకుండా. పేస్ట్ స్పెషల్‌లో "ఉన్న నంబర్లు ఉంచు" అనే అవకాశముంది. మూడుసార్లు పిలిచిన ఫేజు షీటుకు మాత్రం, ఒక్కో ఫేజులోకి వెళ్లి పాత నంబర్లను చేత్తో టైప్ చేయాల్సి వచ్చింది. విసుగు పుట్టించే పనే. కానీ ఇక్కడ తొందరపడితే లేఔట్ పోతుంది. అప్పుడు ఆ టిక్కు పెట్టి పీసీబీని అప్‌డేట్ చేశాం. ఒక్క ఫుట్‌ప్రింట్ కూడా కదలలేదు, ముడులు మాత్రం కొత్తగా పడ్డాయి. టిక్కు తీసేశాం. అప్పుడు షీట్లకు పేజీ నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, మొత్తం రీసెట్ చేసి, షీటు గుణించు 100 లెక్కన నంబర్లు వేయించి, మళ్లీ అప్‌డేట్ చేశాం.

ఇప్పుడు పాత నంబరు, కొత్త నంబరు జాబితా కావాలి. ఆల్టియం వంటి సాఫ్ట్‌వేర్‌లో పీసీబీ నుంచి నంబర్లు మారిస్తే ఏది ఏదిగా మారిందో రాసిన ఫైల్ వస్తుంది. ఇక్కడ మేం వేరే దారిలో తీశాం. నంబర్లు మార్చకముందు ఒక పిక్ అండ్ ప్లేస్ ఫైల్, మార్చిన వెంటనే ఇంకోటి. మధ్యలో బోర్డు మీద ఏదీ జరపలేదు కాబట్టి, ఎక్స్, వై కొలతలు సరిపోయిన ప్రతి జతా ఒకే భాగం. స్ప్రెడ్‌షీటులో కలిపితే జాబితా తయారు. విలువల కాలమ్ కూడా జతకు జత సరిపోవాలి, సరిపోకపోతే ఎక్కడో ముడి తప్పినట్టు. ఈ జాబితా చేతికొచ్చాకే 4జీ మాడ్యూల్ కోసం లేఔట్‌లో చెయ్యి పెట్టనిచ్చాను.

జాబితాలోని నంబర్లు వెంటనే సర్వీస్ మాన్యువల్‌లో, టెస్ట్ షీటులో, ఆఖరికి ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) కామెంట్లలో కూడా మారాయి. ఫర్మ్‌వేర్‌లో "ఆర్32 విలువ మారితే ఈ గుణకం మార్చాలి" వంటి వాక్యాలు నిజంగానే ఉన్నాయి. బి రివిజన్ తర్వాత అవి ఏ ఆర్32 గురించో ఎవరికీ తెలియని స్థితి.

విడుదలయ్యాక

నియమాలు తక్కువే పెట్టాం. బోర్డు ఒక్కసారి తయారీకి వెళ్లాక రీసెట్ అన్న మాట లేదు. తీసేసిన భాగం నంబరు ఆ భాగంతోనే పోతుంది. ఎక్కించని భాగాన్ని స్కీమాటిక్ నుంచి తీసేయొద్దు, కీక్యాడ్ 7 నుంచి ఉన్న డీఎన్‌పీ (ఎక్కించొద్దు అనే) గుర్తు పెట్టాలి, నంబరు దానిదే. కొత్త షీటు వస్తే చివర్లోనే రావాలి. మధ్యలో దూర్చి పేజీ నంబర్లు జరిపితే, రేపెవరైనా అనొటేట్ నొక్కినప్పుడు కొత్త భాగాలు పక్క షీటు వందల్లోకి పోతాయి.

వీటిలో రెండోది సాఫ్ట్‌వేర్ తనంతట తాను పాటించదు. "మొదటి ఖాళీ నంబరు" అంటే దానికి నిజంగానే మొదటి ఖాళీ. ఆర్306 తీసేసి, మరుసటి రివిజన్‌లో ఇంకేదో రెసిస్టర్ పెడితే దానికి నిక్షేపంగా ఆర్306 ఇచ్చేస్తుంది. దీనికి పాత పద్ధతే మందు. సైనిక పరికరాల డ్రాయింగుల్లోనూ, పాత కొలత యంత్రాల మాన్యువళ్లలోనూ ఒక మూల చిన్న పట్టిక కనిపిస్తుంది: ఇప్పటిదాకా వాడిన అతి పెద్ద నంబర్లు, వాడకంలో లేని నంబర్లు. అదే పట్టిక ప్రతి షీటు మూలా పెట్టాం. కొత్త భాగం పెట్టేవాళ్లు పట్టిక చూసి నంబరు చేత్తో రాస్తారు, పట్టికనూ దిద్దుతారు. సీ రివిజన్ తర్వాత ఒక్కో మార్పులో కొత్త భాగాలు నాలుగైదుకు మించవు కాబట్టి ఇదేం భారం కాదు. స్కీమాటిక్ గీసే కుర్రాడికి మొదట్లో ఇది నచ్చలేదు. "కంప్యూటర్ చేసే పని చేత్తో ఎందుకు సార్?" అన్నాడు. ఇంకా పూర్తిగా నచ్చలేదనే అనుకుంటున్నాను, కానీ చేస్తున్నాడు.

ఫైళ్లు పంపే పద్ధతి కూడా మారింది. బామ్ ఒకరు, ప్లేస్‌మెంట్ ఫైల్ ఒకరు తీయడం బంద్. కీక్యాడ్ 7 నుంచి కమాండ్ లైన్‌లో ఈ ఫైళ్లు తీయొచ్చు, బామ్ తీసే కమాండ్ 8లో వచ్చింది. గిట్‌లో ఒకే కమిట్ (ఒకసారి భద్రపరిచిన స్థితి) నుంచి ఒక చిన్న స్క్రిప్టు గెర్బర్లు, బామ్, ప్లేస్‌మెంట్ అన్నీ తీసి ఒకే జిప్ చేస్తుంది. చేసేముందు ఒక పోలిక చూస్తుంది. కీక్యాడ్ ఇచ్చే ప్లేస్‌మెంట్ ఫైల్‌లో నంబరు పక్కనే విలువ కాలమ్ కూడా ఉంటుంది. అందులోని నంబరు, విలువ జత బామ్‌లోని జతతో సరిపోకపోతే జిప్ తయారవ్వదు. బి రివిజన్ అప్పుడు కూడా ఆ కాలమ్ ఉంది. అసెంబ్లీ యూనిట్ టెంప్లేట్‌లో ఆ కాలమ్‌కు చోటు లేదు, అందుకని పంపేముందు దాన్ని తీసేసేవాళ్లు. ఇప్పుడు ఆ యూనిట్ కూడా దాన్ని ఉంచి పంపమంటోంది. బామ్‌లో "ఆర్301 నుంచి ఆర్303" అని మధ్యలో గీత పెట్టడం కూడా మానేశాం. ప్రతి నంబరూ విడిగా రాసి, వాటి లెక్క, క్వాంటిటీ కాలమ్ ఒకటేనా అని స్క్రిప్టే చూస్తుంది.

సర్వీస్ వైపు తేడా త్వరగానే తెలిసింది. ముందు ఊళ్ల నుంచి మెకానిక్ ఫోన్ చేస్తే ఇలా ఉండేది: "సార్, ఆర్ నలభై ఒకటి దగ్గర నల్లగా మాడింది." "ఏ బోర్డన్నా? పాతదా కొత్తదా?" "డబ్బా మీద ఏం లేదు సార్." తర్వాత వాట్సాప్‌లో ఫొటో, ఫొటోలో నంబరు కనపడదు, ఇంకో ఫొటో. ఇప్పుడు "ఆర్ నాలుగొందల ఒకటి" అనగానే ఆఫీసులో కూర్చున్నవాళ్లకు వై ఫేజు పై రెసిస్టర్ అని తెలుస్తుంది. పక్కన ఆర్301 బాగుందా అని అడిగి, రెంటినీ మీటర్‌తో పోల్చి చూడమంటారు. నంబరు మూడంకెలుంటే అది సి రివిజనో ఆ తర్వాతిదో అని కూడా తేలిపోతుంది, ఎందుకంటే పాత బోర్డుల్లో మూడంకెల నంబర్లు లేనే లేవు.

ఇబ్బందులు కూడా వచ్చాయి. నాలుగక్షరాల పేరుకు సిల్క్ (బోర్డు మీద అక్షరాల ప్రింటు) మీద చోటు ఎక్కువ కావాలి. మైక్రోకంట్రోలర్ చుట్టూ 0603లు దగ్గరదగ్గరగా ఉన్నచోట అక్షరాలు ప్యాడ్‌ల మీదికి వస్తున్నాయి. అక్కడ కెపాసిటర్ల నంబర్లు సిల్క్ నుంచి తీసేసి, అసెంబ్లీ డ్రాయింగ్‌లో మాత్రం ఉంచాం. హై వోల్టేజీ వైపు, మెకానిక్ చెయ్యి పడే చోట మాత్రం ఒక్కటీ తీయలేదు.

ఒక విషయం ఇంకా తెగలేదు. 4జీ మాడ్యూల్‌ను తర్వాతి మోడల్‌లో విడి చిన్న బోర్డు చేయాలనుకుంటున్నారు, దాన్ని గీసేది వేరే డిజైనర్. ఆయన బోర్డులోనూ 1వ షీటు ఉంటుంది, ఆర్101 ఉంటుంది. రెండు బోర్డుల బామ్‌లు కొనుగోళ్ల దగ్గర ఒకే షీటులో కలుస్తాయి. బోర్డు మొత్తానికి ఏ1, ఏ2 అని పేరు పెట్టి ఏ1ఆర్101, ఏ2ఆర్101 అని రాసే పద్ధతి ప్రమాణంలో ఎప్పటినుంచో ఉంది. సిల్క్ మీద అంత పొడుగు పేరు పట్టదు కాబట్టి బామ్‌లో మాత్రం అలా రాసి, బోర్డు మీద మామూలుగా ఉంచుదామని నేనంటున్నాను. రెండో బోర్డుకు షీట్లు 21 నుంచి మొదలుపెట్టి ఆర్2101 అని వేద్దామని ఆ డిజైనర్ అంటున్నాడు. అతని పద్ధతిలో సిల్క్ మీద అక్షరాలు ఎంత ఇరుకవుతాయో ప్రోటోటైప్ ప్రింటు చూశాకే తేల్చుకుందామని అనుకున్నాం.